కాపలా లేని కొట్టు

ఐజాల్ దాటాక తూర్పుకి వంగే కొండదారిలో
మా పెద్దమ్మ దార్‌థువామి కొట్టు.
కొట్టంటే నాలుగు వెదురు గుంజలు, పైన ఒక రేకు,
బల్ల మీద సీమవంకాయలు, అరటి హస్తాలు,
కట్టలు కట్టిన ఆవాకు, సీసాల్లో ఊరేసిన వెదురు కొమ్ములు.
ధరలు నేను రాస్తాను, అట్టముక్కల మీద, బొగ్గుతో.
డబ్బులెయ్యడానికి ఓ బిస్కెట్ల డబ్బా,
చిల్లర తీసుకోవడానికి ఇంకోటి.
అమ్మే మనిషి ఉండదు.
ఆ వేళకి లోయ దిగువన అల్లం తవ్వుతూ ఉంటుంది.

సిల్చార్ లారీలవాళ్ళు మొదటిసారి ఆగినప్పుడు
చుట్టూ చూస్తారు, హారన్ కొడతారు.
ఎవరూ రారు.
కొండే చూస్తోందేమో అన్నట్టు
కాస్త ఎక్కువే వేసి పోతారు.

కిందటి చలికాలం లెక్క తప్పింది.
పద్దెనిమిది కట్టలు పోయాయి, పన్నెండింటికే డబ్బులు.
"ఇకనుంచి నేనే కూర్చుంటా" అన్నాను.
పెద్దమ్మ వేళ్ళు మడిచి తెరిచి, చివరికి నన్నే అడిగింది:
"డెబ్బైని ఏడుతో హెచ్చవేస్తే ఎంతే?"
"నాలుగొందల తొంభై."
"పోయినవి ఆరే కదా. ఇంకా బోలెడు మిగిలుంది."
నవ్వింది, కింది పళ్ళు రెండు లేని నవ్వు.
"ఆవాకు దొంగిలించి మేడ కట్టినవాణ్ణి
ఎక్కడైనా చూశావా?"
మర్నాడు ఇంకో అట్టముక్క రాయించింది:
డబ్బు లేకపోతే తర్వాత వేయండి. పక్కన ఉప్పు ఉంది, తీసుకోండి.

చర్చిలో పాస్టరు గారు పేరెత్తకుండా ఆ మాట చెప్తే
ముందు బల్లలవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.
నేను మాత్రం సాంగ్‌కిమి వైపు చూశాను.

సాంగ్‌కిమి మా పక్కింటామె.
మూడేళ్ళ కింద పందుల దొడ్డి కోసం కొండ చెక్కింది.
ఆ వానలకి మా గోడ జారింది.
అల్లం మడి మడంతా రోడ్డు మీద పడింది.
అప్పట్నుంచీ రెండిళ్ళకి ఒకటే కుళాయి, రెండు మౌనాలు.
ఆమె బిందె నిండేదాకా పెద్దమ్మ
లోయలో మంచుని చూస్తూ నిలబడుతుంది.
ముఖం తెలియని దొంగకి ఉప్పు పెట్టిన చెయ్యి
ముఖం తెలిసిన మనిషికి గడియ తీయదు.
నేనెప్పుడూ ఆ మాట అనలేదు.
ధరలు రాసేదాన్ని, తీర్పులు రాసేదాన్ని కాదు.

మా ఊరి ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు
ఒక పిడికెడు పక్కకి తీస్తారు, దేవుడి పనికి.
పెద్ద త్యాగమేం కాదు,
అందరి కంచాల్లోనూ రెండు మెతుకులు తగ్గుతాయి.
ఆ శనివారం రాత్రి పెద్దమ్మ పిడికిలి
బియ్యంలోనే ఆగిపోయింది.
"బిగిస్తేనే గింజలు నిలుస్తాయి" అంది,
"వదిలితేనే ఇచ్చినట్టు."
నాతో కాదు. పొయ్యితో.

ఆదివారం బియ్యం సంచి పట్టుకుని బయల్దేరాం.
రెండో గంట కొట్టేశారు.
సాంగ్‌కిమి వాకిట్లో పెద్దమ్మ ఆగింది,
కూలిన మా గోడ రాళ్ళ మీద సంచి దించింది.
నేను ఊపిరి బిగబట్టాను.
క్షమించానంటుందా?
వాక్యం చెబుతుందా?
"కిమీ" అంది. "మా అగ్గిపెట్టె తడిసిపోయింది. ఓటుంటే ఇస్తావా?"

అబద్ధం.
మా అగ్గిపెట్టె పొయ్యిగట్టు మీద గలగలా ఎండి ఉంది.
ఆకాశం చుక్క రాల్చి నెల దాటింది.
ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

సాంగ్‌కిమి చేతుల తవుడు దులుపుకుని లోపలికెళ్ళింది.
చాలాసేపు రాలేదు.
వచ్చినప్పుడు రెండు అగ్గిపెట్టెలు తెచ్చింది,
కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పొయ్యి పొగ వల్ల కావచ్చు.
"ఒకటి చాలదేమో" అంది.
చెప్పులు వేసుకుని మా వెనకే నడిచింది.

మేం వెళ్ళేసరికి మొదటి పాట అయిపోయింది.
ఆఖరి బల్ల ముగ్గురికి ఇరుకు.
కానుకల వేళకి పెద్దమ్మ చేతులు తడుముకుంది:
సంచి గోడమీదే మర్చిపోయాం.

తిరిగొచ్చి చూస్తే సంచి చిరిగి,
దేవుడి బియ్యం సగం కోళ్ళ పాలైంది.
అదిలించబోతే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

అవి సాంగ్‌కిమి కోళ్ళు.